మాగాయ ముక్కలూ, మచిలీపట్నం రాడారూ

మే నెలలో బెజవాడ మనిషికి రేపు ఎండ కాస్తుందని చెప్పడానికి ఉపగ్రహం అక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికి కుళాయి తిప్పితే గీజరు వెయ్యకుండానే వేణ్ణీళ్లు వస్తాయి. అయినా మా ఇంట్లో కాఫీ కంటే ముందు వాతావరణ సూచన చదివి వినిపించాల్సిందే. ఎండ కోసం కాదు, మాగాయ కోసం.

మాగాయ పెట్టేవాళ్లకి ఈ బాధ తెలుసు. ఉప్పులో ఊరిన మామిడి ముక్కల్ని పిండి డాబా మీద ఎండబెట్టాలి, ఊటనీ ఎండలో ఉంచాలి. మధ్యలో నాలుగు చినుకులు పడ్డాయంటే జాడీకి బూజు, నాకు ఏడాది పొడుగునా సాధింపు.

"కృష్ణా, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో తేలికపాటి నుంచి ఓ మోస్తరు వానలు. గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు" అని చదివాను.

"ఆ ఒకటి రెండు చోట్లలో మన డాబా ఉందాండీ?" అంది మా ఆవిడ.

అడగాల్సిన ప్రశ్నే. వాతావరణ శాఖ లెక్క ప్రకారం వాన కొలిచే కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా వాన పడితే ఒకటి రెండు చోట్ల పడినట్టు. సగం దాకా అయితే కొన్ని చోట్ల, ముప్పావు దాకా అయితే చాలా చోట్ల. మా డాబా మీద వాన కొలిచే గొట్టం లేదు. కాబట్టి మా ముక్కలు తడిసి ముద్దయినా సర్కారు లెక్కలో అది వాన కాదు.

ఎండ లెక్కా ఇంతే. మనం చెమటలు కక్కుతూ ఇంటికొచ్చేసరికి టీవీలో 43 డిగ్రీలంటారు. అబద్ధం, 48 ఉంటుందని వీధి వీధంతా ఒట్టేస్తుంది. అసలు కిటుకేమిటంటే ఆ ఉష్ణమాపకం ఎండలో ఉండదు. నేలకి నాలుగడుగుల ఎత్తున, గాలాడే రెక్కలున్న తెల్లటి చెక్కపెట్టెలో నీడపట్టున ఉంటుంది. ఆ పెట్టెని రూపొందించిన స్కాట్లాండు ఇంజనీరు థామస్ స్టీవెన్సన్, 'ట్రెజర్ ఐలాండ్' రాసిన నవలాకారుడి తండ్రి. బస్టాండులో నిలబడ్డవాడి సంగతితో ఆయన పెట్టెకి సంబంధం లేదు. రెంటచింతల వాళ్లకైతే ఇది పరువు సమస్య. రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఇంకో ఊళ్లో నమోదైన రోజు అక్కడివాళ్లకి అన్నం సయించదని నా అనుమానం.

ఇక మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఉంది. రానున్న ఐదు రోజులు విషువత్తు ప్రభావం వల్ల సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, బయటికి రావద్దు అని మే నెలలో ఏటా ఒక సందేశం వస్తుంది. విషువత్తు మార్చిలోనే వచ్చి వెళ్లిపోయింది. ఆ మాట చెప్పినవాడికి గ్రూపులో నమస్కారం బొమ్మ ఒకటి దక్కుతుంది, అంతే.

ఇలా ఉండగా చికాగో నుంచి మా బావమరిది ఫోన్. "బావగారూ, ఇక్కడా మండిపోతోంది. కానీ రాత్రికి కోల్డ్ ఫ్రంట్ వస్తోంది. ఏడున్నరకి గాలివాన, తొమ్మిదికి తెరిపి, పొద్దుటికి పది డిగ్రీలు తగ్గిపోతుంది." ముహూర్తం పెట్టినట్టు చెప్పాడు. మా ఆవిడ ఫోను లాక్కుంది. "ఒరే, ఆ గాలేదో ఇటు తోలెయ్యరా, ముక్కలు ఎండాక!"

తోలడానికి వీల్లేదు. అక్కడ రాకీ పర్వతాలు ఉత్తర దక్షిణాలుగా పరుచుకున్నాయి కాబట్టి కెనడా చలిగాలికి అడ్డు లేదు. దిగి వస్తూ మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చిన వెచ్చటి తేమగాలిని పైకి ఎత్తి పడేస్తుంది. వందల కిలోమీటర్ల పొడవున వరస కట్టి నడిచివచ్చే ఆ మేఘాల్ని ముందురోజే కనిపెట్టొచ్చు. మనకేమో ఉత్తరాన హిమాలయం గోడ కట్టుకుని కూర్చుంది. మన గాలివానకి మూలం వేరు. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా ద్రోణి సాగుతుంది. బంగాళాఖాతం తేమా పడమటి పొడిగాలీ అక్కడ కలుస్తాయి. కాగిన నేల కింద నుంచి తోస్తుంది. మధ్యాహ్నం దాకా ఆకాశంలో ఏమీ ఉండదు, సాయంత్రానికి 12, 15 కిలోమీటర్ల ఎత్తున క్యుములోనింబస్ మేఘం. అడ్డంగా చూస్తే నాలుగైదు ఊళ్లంత. విడి మేఘమైతే గంటలోపే తేలిపోతుంది. పుట్టని మేఘాన్ని మచిలీపట్నం రాడార్ మాత్రం ఎలా చూస్తుంది? అందుకే వాతావరణ శాఖ రానున్న మూడు గంటలకంటూ విడిగా సూచన ఇస్తుంది. మా బావమరిదికి దొరికే ముహూర్తం మనకి దొరకదు. అది ఇక్కడివాళ్ల చేతకానితనం కాదు, మేఘాల తేడా.

మనకీ ఓ బుల్లి కోల్డ్ ఫ్రంట్ లేకపోలేదు. వాన పడేముందు ఆ మేఘంలోంచే దిగి, దుమ్ము లేపి, తలుపులు బాదే చల్లగాలి. దానికోసం అందరం వరండాలోకి వస్తాం. అదే గాలి కరెంటునీ తీసుకుపోతుంది. వాన వెలిశాక మళ్లీ ఉక్కపోత, ఈసారి ఫ్యాను లేకుండా.

నవ్వులాటకి మాగాయ అన్నాను గానీ, ఇదే గాలివాన తోటలో కోతకొచ్చిన మామిడి రాలుస్తుంది, కల్లంలో ధాన్యం, గుంటూరు యార్డులో మిర్చి తడుపుతుంది. రైతులకి ఆ మూడు గంటలే పరదా కప్పుకునే వ్యవధి. కాబట్టి సూచన తప్పిన రోజు వాతావరణ శాఖని ఎగతాళి చేసేవాళ్లు, నిజమైన రోజు కూడా ఓ మాట అనండి. ఫోనుకి వచ్చిన హెచ్చరికని చదవకుండా తుడిచెయ్యకండి. ఉరుము వినపడ్డాక మాత్రం చెట్టు కిందికి పోకండి, దేనికోసమూ డాబా ఎక్కకండి.