ముందు మందు, ఆ తర్వాతే బడి

పిల్లలు పాడైపోయారని పెద్దలందరం ఏకగ్రీవంగా తీర్మానించేసుకున్నాం. కరోనా తర్వాత బడికొచ్చిన పిల్లాడు ఒకచోట కుదురుగా కూర్చోడట. రాత కోడి కెలికినట్టుందట. ఎక్కాలు మరిచిపోయాడట. ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తాడట. ఇన్ని నేరాలు చేసినవాణ్ని మళ్లీ బడి గడప తొక్కనిచ్చామంటే మనది ఎంత విశాల హృదయం! కాకపోతే ఏ కేసులోనైనా తేదీలు చూడటం రివాజు కాబట్టి ఒకసారి చూద్దాం.

2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. తప్పలేదు, అన్నీ మూతబడ్డాయి. మే 4న ఆంధ్రప్రదేశ్‌లో, 6న తెలంగాణలో మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. తెలంగాణలో బడి గేటు తెరుచుకున్నది 2021 ఫిబ్రవరి 1న, అదీ తొమ్మిది, ఆపై తరగతులకు. ఆంధ్రప్రదేశ్ కొంచెం నయం, 2020 నవంబర్ 2నే పెద్ద తరగతుల్ని పిలిచింది. అక్కడ ఇంకో ఘనకార్యం కూడా జరిగింది. పంతుళ్లు ఖాళీగా ఉంటే ప్రజాధనం వృథా అనుకున్నారో ఏమో, విశాఖ జిల్లాలో కొందరిని వైన్ షాపుల ముందు క్యూలు సర్దడానికి, టోకెన్లు పంచడానికి పంపారు. ఎదురుగా పిల్లలు లేనప్పుడు క్రమశిక్షణ ఎవరో ఒకరికి నేర్పాలి కదా.

అన్నాళ్లూ బడులు అసలు తెరవనేలేదంటే మహాపాపం. 2020 డిసెంబర్ 1న గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలకు శుభ్రంగా తెరిచాం. పిల్లలు అడుగుపెడితే ప్రమాదమన్న గదుల్లోకే పెద్దలు వెళ్లి వేలికి సిరా పూయించుకొచ్చారు. మరుసటి ఏడు పిల్లలు వచ్చి రెండు నెలలైనా నిండకుండానే, మార్చి 24న మళ్లీ తాళాలు పడ్డాయి. ఏప్రిల్ 9న ‘వకీల్ సాబ్’ థియేటర్లలోకి దిగాడు. 17న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక. సినిమా హాలన్నా, ఎన్నికల సభన్నా వైరస్‌కు ఎనలేని గౌరవం. నల్లబల్ల కనిపిస్తేనే దానికి పూనకం.

మరి ఆ మధ్యకాలంలో చదువు చెప్పలేదా? చెప్పాం. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. టీవీలో సారు ఎంత వివరంగా చెప్పినా ‘అర్థం కాలేదు సార్’ అనడానికి వీల్లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పనికి పోతుంది. ముగ్గురు పిల్లలుంటే పదో తరగతి అన్నకే టీవీ ముందు పీట. ఇక ఒకటి, రెండు తరగతులవాళ్ల సంగతా? వాళ్లకు ఆ టీవీ పాఠాలూ లేవు, అవి మూడో తరగతి నుంచే. అక్షరాలు దిద్దుకునే వయసువాళ్లకు చదువుతో ఏం పని అనుకున్నాం కాబోలు.

ఇప్పుడు అలాంటి ఒక పిల్ల దగ్గరికి వెళ్దాం. 2020 మార్చిలో ఒకటో తరగతి. రెండో తరగతి గది ఎలా ఉంటుందో చూడనేలేదు. 2021 సెప్టెంబర్ 1న బడి తెరిచేసరికి మూడో తరగతి బెంచీ మీద కూర్చుంది, చేతిలో మూడో తరగతి పుస్తకం. ‘పలక’ చదివింది. ‘బలపం’ చదివింది. ఒత్తు దగ్గర ఆగింది. ‘పుస్తకం’ రాయమంటే ‘పుసకం’ అని రాసి, పెన్సిల్ చివర కొరుకుతూ టీచర్ మొహంలోకి చూసింది. తప్పే తల్లీ. ఒత్తులు నేర్చుకోవాల్సిన ఏడాదిని మేం మింగేశాం, నీ పుస్తకంలో ఒక తకారం ఒత్తు పోతే మాత్రం ఎర్ర సిరాతో సున్నా చుడతాం.

ప్రైవేటు బళ్ల దగ్గర ఇంకాస్త వినోదం. ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోవాలని 2020 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కారు 46వ నంబరు జీవో ఇచ్చింది. యాజమాన్యాలు చట్టానికి తలవంచాయి. లైబ్రరీ, ల్యాబు, ఆటలు, ఆఖరికి ఎవరూ ఎక్కని బస్సు, అన్నిటికీ రాత్రికి రాత్రే ‘ట్యూషన్’ అని నామకరణం చేశాయి. కట్టనివాడికి ఆన్‌లైన్ క్లాసు లింకు రాదు. పూర్వం ఫీజు కట్టనివాణ్ని బయట నిలబెట్టేవాళ్లు, కనీసం పాఠం చెవిన పడేది. ఈ టెక్నాలజీతో ఆ లోపం కూడా సరిచేశారు. పాఠం చెప్పే పంతులు మాత్రం కూరగాయలమ్ముతూ, ఉపాధి హామీ పనుల్లో మట్టి తవ్వుతూ కనిపించాడు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం జాలిపడి నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. బడి తెరిచాక ఆయన్నే పిలిచి, ‘మాస్టారూ, పరిస్థితి మీకు తెలుసుగా’ అంటూ పాత జీతంలో సగం చూపించిన మహానుభావులున్నారు. పరిస్థితి ఆయనకు తెలుసు. వీధికొక కొత్త బ్రాంచి ఎలా లేచిందన్నదే తెలియలేదు.

ఫోన్ల సంగతి మరిచిపోయేవాణ్ని. రెండేళ్లు బతిమాలి, బెదిరించి పిల్లల చేతికి ఫోన్ మనమే ఇచ్చాం. బడి తెరవగానే ‘ఫోన్ పిచ్చి’ అని కౌన్సెలింగులు పెట్టించాం. ఆ పిచ్చి తగ్గిందో లేదో, 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతివాళ్లకు ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. మందు ఏదో, రోగం ఏదో పిల్లలే తేల్చుకోవాలి.

వీటన్నిటికంటే గొప్ప ప్రయోగం తెలంగాణలో 2020 పదో తరగతి బ్యాచ్ మీద జరిగింది. పరీక్షలు మొదలై మధ్యలో ఆగాయి. జూన్‌లో రద్దు చేసి 5 లక్షల 34 వేల మందినీ పాస్ అన్నాం. (తర్వాతి బ్యాచ్‌కు ఇంకా ఉదారంగా 2 లక్షల 10 వేల మందికి పదికి పది వేశాం. ఇంతమంది మేధావులు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారో!) సరే, మొదటి బ్యాచ్ ఇంటర్‌లో చేరింది. ఫస్టియర్ సగానికి పైగా టీవీలోనే గడిచింది. పరీక్ష లేకుండానే సెకండియర్‌కు పంపాం. అక్కడ సెకండియర్ పుస్తకాలు తెరిచాక, 2021 అక్టోబర్ 25న, ‘అన్నట్టు మీ ఫస్టియర్ పరీక్ష మిగిలిపోయింది, రండి’ అన్నాం. రాసినవాళ్లు 4 లక్షల 59 వేలు, గట్టెక్కినవాళ్లు 2 లక్షల 24 వేలు. నూటికి 49 మంది. చదువు ఆన్‌లైన్, పరీక్ష ఆఫ్‌లైన్, ఫెయిలైతే తప్పు పిల్లాడిది.

ఫలితాలొచ్చిన ఆ రోజుల్లో కొన్ని ఇళ్లలో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. దాని మీద వ్యంగ్యం రాయడం నా వల్ల కాదు.

ఇంటర్ బోర్డు ముందు ధర్నాలు జరిగాయి. డిసెంబర్ 16న ఫెయిలైనవాళ్లందరికీ 24న జ్ఞానోదయం అయినట్టుంది, ఒక్క ప్రకటనతో అందరూ పాస్. కనీస మార్కులు, 35. ఎనిమిది రోజుల్లో ఏ పాఠమూ చెప్పకుండా, ఏ పేపరూ దిద్దకుండా 2 లక్షల 35 వేల మందిని గట్టెక్కించిన విద్యావ్యవస్థ ప్రపంచంలో ఇంకెక్కడుంటుంది? పిల్లల మెమోల మీద అచ్చేయించాం గానీ, ఆ 35 మనకు మనం వేసుకున్న మార్కులే.