నేను టైమ్‌లైన్ మీది గీతను

ఆదోనిలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేసే స్టూడియోలో, కంప్యూటర్ తెర కింది సగంలో, ఎడమ నుంచి కుడికి జరిగే సన్నని నిలువు గీత ఒకటి కనిపిస్తుంది. ప్లేహెడ్ అని నాకు పేరుంది, గీత అని పిలిచినా పలుకుతాను. నాకు ఎడమవైపున ఉన్నది జరిగిపోయింది. కుడివైపున ఉన్నది ఇంకా జరగాలి. నేను తాకుతున్నదే ఇప్పుడు జరుగుతున్నది. నా కింద ఒకదాని కింద ఒకటిగా పరుచుకున్న బొమ్మల పట్టీలు, శబ్దాల పట్టీలు ఎన్ని ఉన్నా, నన్ను తాకినవన్నీ ఒకే క్షణానివని చూసేవాళ్ళు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని మోయడమే నా పని.

ఎమ్మిగనూరు మగ్గం మీద పడుగు పోగులన్నిటి గుండా ఒకే పేక ఎలా అడ్డంగా సాగుతుందో, నేనూ పట్టీలన్నిటి గుండా అలాగే సాగుతాను. ఒక్క పోగు జరిగినా గుడ్డ మీద కనబడుతుంది.

నా వంశం పాతది. సినిమా రీలు మీద నడిచిన రోజుల్లో బొమ్మ ఒక పట్టీ మీద, మాట వేరే పట్టీ మీద ఉండేవి. 1924లో ఇవాన్ సెర్రూరియర్ అనే ఆయన ఎడిటర్ల కోసం మూవియోలా యంత్రాన్ని తయారుచేశాడు. తర్వాతి దశాబ్దాల్లో ఎడిటింగ్ గదుల్లో బొమ్మనూ శబ్దాన్నీ పక్కపక్కన నడిపి, క్లాప్ బోర్డు పలక పడిన ఫ్రేమ్‌నూ, ఆ టక్కుమన్న చప్పుడునూ ఎదురెదురుగా పెట్టి, రెండింటి మీదా మైనపు పెన్సిలుతో గుర్తు గీసేవారు. ఆ పెన్సిలు గీతే నా పూర్వరూపం. 1989లో ఆవిడ్ అనే కంప్యూటర్ ఎడిటింగ్ వ్యవస్థ వచ్చాక కత్తెర, జిగురు పట్టీ పక్కకు తప్పుకున్నాయి, నేను తెర మీదికి ఎక్కాను. మా సీమ స్టూడియోల్లో వీహెచ్‌ఎస్ క్యాసెట్ల కాలం పోయి ఎడియస్, ప్రీమియర్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వచ్చాక నాకు చేతినిండా పని దొరికింది. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, జాతరలు.

అన్నిట్లోకీ నా మనసుకు దగ్గరిది కైరుప్పల పని.

కైరుప్పల ఆస్పరి మండలంలోని ఊరు. ఉగాది మరునాడు అక్కడ పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామీ కాళికాదేవీ ఒకరినొకరు ఇష్టపడ్డారని, పెళ్ళి మాట దగ్గర స్వామి తాత్సారం చేస్తే అమ్మవారి వైపు వాళ్ళు మనసు కష్టపెట్టుకుని ఆయన మీద పిడకలు విసిరారని, స్వామి వైపు వాళ్ళు ఊరుకోక తిరిగి విసిరారని, ఆఖరికి పెద్దలు కూర్చుని రాజీ చేసి ఇద్దరికీ పెళ్ళి చేశారని ఊళ్ళో చెప్పుకుంటారు. అందుకే ఊరు రెండు పక్షాలుగా చీలుతుంది. ఎన్నాళ్ళ ముందు నుంచో చేసి ఎండబెట్టిన పిడకలు కుప్పలుగా సిద్ధంగా ఉంటాయి. ఆనవాయితీ ప్రకారం కారుమంచి ఊరి నుంచి రెడ్ల వంశం వారు గుర్రం మీద వచ్చి గుడిలో పూజ చేశాకే మొదటి పిడక లేస్తుంది. డప్పులు మోగుతాయి, దుమ్ము మిద్దెల ఎత్తుకు లేస్తుంది. అరగంటకు అటూ ఇటూగా అంతా ముగుస్తుంది. దెబ్బలు తగిలినవాళ్ళు గుడికి వెళ్ళి విభూతి పెట్టుకుంటారు. ఆ తర్వాత దేవుళ్ళ పెళ్ళి.

అరగంట సంబరమే అయినా నా దగ్గరికి చేరేసరికి అది గంటల కొద్దీ ఫుటేజ్ అవుతుంది. గుడి దగ్గర స్టాండ్ మీద ఒక కెమెరా, దూరంగా మిద్దె మీద ఇంకొకటి, పైన డ్రోన్, జనంలో కుర్రాళ్ళ ఫోన్లు. డప్పుల దగ్గర ఎవరో పెట్టిన చిన్న సౌండ్ రికార్డర్ కూడా ఉంటుంది. మిక్సింగ్ చేసే తమ్ముడు కార్డులన్నీ ఖాళీ చేసుకుని కూర్చుంటాడు. పక్కన కెమెరా పట్టిన అన్న.

"ఏమన్నా, మొదట ఏది పెట్టల్ల?"

"డప్పు సౌండు పెట్టు తమ్ముడూ. దాని మీద కడమవి కూర్చోబెడదాం."

సరైన మాటే అది. శబ్దం అంతటా వ్యాపిస్తుంది కాబట్టి ఒకే డప్పు దెబ్బ అన్ని కెమెరాల్లోనూ పడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ అలల ఆకారాలను ఒకదాని మీద ఒకటి జరిపి, ఎక్కడ బాగా కుదురుతున్నాయో వెతుకుతుంది. సెకనుకు 48,000 నమూనాలుగా రికార్డయిన శబ్దమూ, సెకనుకు 25 ఫ్రేముల బొమ్మా పక్కపక్కన ఉంటే, ఒక్క ఫ్రేమ్‌లో 1,920 శబ్ద నమూనాలుంటాయి. అంటే బొమ్మ కంటే చాలా సన్నగా శబ్దం కాలాన్ని కొలుస్తుంది. మీట నొక్కగానే పట్టీలు వాటంతటవే జరిగి కుదురుకుంటాయి. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు పని నాకు అక్కడే మొదలవుతుంది.

శబ్దం నడిచి వస్తుంది, వెలుగు దాదాపు తక్షణం వస్తుంది. ఉగాది ఎండలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. దాన్ని 25 ఫ్రేములకు పంచితే ఫ్రేమ్‌కు 14 మీటర్లు. గుడి దగ్గర కెమెరాకు డప్పు దెబ్బ పడిన ఫ్రేమ్‌లోనే వినిపిస్తుంది. 70 మీటర్ల అవతల మిద్దె మీది కెమెరాకు అదే దెబ్బ 5 ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. ఇప్పుడు రెండు శబ్దాలనూ అతికించినట్టు కలిపితే ఏమవుతుంది? మిద్దె మీది బొమ్మ 5 ఫ్రేములు ముందుకు జరిగి కూర్చుంటుంది. డప్పు కర్ర గుడి దగ్గరి కెమెరాలో ఇప్పుడే దిగుతుంటే, మిద్దె మీది కెమెరాలో అది అప్పటికే లేచి ఉంటుంది. చెవికి అంతా సరిపోయింది, కంటికి సరిపోలేదు.

అందుకే తమ్ముడితో నేను చెప్పగలిగితే ఒకటే చెబుతాను. శబ్దంతో దగ్గరికి చేర్చు, బొమ్మతో ఖాయం చెయ్యి. దుమ్ములోనుంచి ఒక పిడక గోడకు తగిలి పగిలే ఫ్రేమ్ వెతుకు. గుర్రం ముందుకాలు నేల తాకే ఫ్రేమ్ వెతుకు. రెండు కెమెరాలూ చూసిన ఒకే సంగతిని పట్టుకో. దాని మీద నన్ను నిలబెట్టి, పట్టీలను ఒక్కొక్క ఫ్రేమ్‌గా జరుపు. ఆ తర్వాత మిద్దె మీది శబ్దాన్ని తగ్గించి, డప్పుల దగ్గరి రికార్డర్ శబ్దాన్నే మొత్తానికి వాడుకో. ఏ కెమెరా అబద్ధం చెప్పదు, తాను నిలబడ్డ చోటి నుంచి తాను విన్న వేళను చెబుతుంది, అంతే. ఆ వేళలన్నిటినీ ఒకే జరిగిన సంగతి దగ్గరికి తేవడమే సింక్.

మనిషి చెవి ఈ విషయంలో చాలా కచ్చితం. శబ్దం బొమ్మకంటే దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్ళు పసిగడతారు, వెనకొస్తే 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోరు అని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ప్రమాణాల్లో ఉంది. ఫ్రేమ్‌కు 40 మిల్లీసెకన్లు. శబ్దం ఒక ఫ్రేమ్ దాటి ముందుకొస్తేనే అనుమానం మొదలవుతుంది, మూడు ఫ్రేములు వెనకున్నా చెల్లిపోతుంది. ఎందుకంటే లోకంలో శబ్దం ఎప్పుడూ చూపు తర్వాతే వస్తుంది. దూరపు చెరువు గట్టున బట్టలు ఉతికేవాళ్ళను చూసి పెరిగిన చెవి అది. శబ్దం కాస్త వెనకబడినా పరవాలేదు కానీ దాన్ని ముందుకు మాత్రం తోయకూడదు.

డ్రోన్ సంగతి మరీ వేరు. దాని ఫుటేజ్‌లో శబ్దమే ఉండదు. అలలు లేవు, జరిపి చూడడానికి ఏమీ లేదు. దాన్ని పూర్తిగా కంటితోనే కూర్చోబెట్టాలి. పైనుంచి పిడక చిన్న చుక్క, పగిలితే మాత్రం లేత దుమ్ము పువ్వులా విచ్చుకుంటుంది. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగే తీరు, మళ్ళీ ముందుకు ఉరికే తీరు కింది కెమెరాలో ఏ ఫ్రేమ్‌లో ఉందో పట్టుకుంటే డ్రోన్ దారికొస్తుంది. ఓపిక కావాలి. ఆ ఓపిక పెట్టిన తమ్ముళ్ళంటే నాకు గౌరవం.

ఫోన్ల దగ్గర ఇంకో చిక్కు. కెమెరా సెకనుకు 25 ఫ్రేములని ఒట్టేసుకుని తీస్తుంది. ఫోన్ వెలుతురును బట్టి, వేడిని బట్టి 28, 29, 30 అని మారుతూ పోతుంది. మొదట్లో సరిగ్గా కూర్చోబెట్టిన క్లిప్పు, పదినిమిషాల తర్వాత నన్ను తాకేసరికి పక్కకు జారిపోయి ఉంటుంది. టైమ్‌లైన్‌లోకి తెచ్చే ముందే అలాంటి క్లిప్పులను స్థిరమైన ఫ్రేమ్‌రేటుకు మార్చుకోవాలి. చవక రికార్డర్లలో గంటకు ఒకటి రెండు ఫ్రేములు జారడం మామూలే. కాబట్టి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూసుకోవాలి. పొడవైన క్లిప్పులు కొన్ని కార్డుల్లో 4 జీబీ దగ్గర ముక్కలవుతాయి. కొన్ని కెమెరాల్లో ఆ ముక్కలను విడివిడిగా లాగేస్తే అతుకు దగ్గర కొంచెం శబ్దం రాలిపోతుంది. కార్డులోని ఫోల్డరు మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకుంటే ఆ బాధ ఉండదు.

ఇంత పట్టింపు దేనికని అడగవచ్చు. కైరుప్పలకు ఇంత పట్టింపు కావాలి.

ఎడమ పక్షం వాడు చెయ్యెత్తి విసురుతున్న ముక్క ఒక కెమెరాలో ఉంది. కుడి పక్షం వాడి తలకు దెబ్బ తగిలి కూర్చున్న ముక్క ఇంకో కెమెరాలో ఉంది. రెండింటి మధ్య నాలుగు నిమిషాల ఎడం. ఆ రెండింటినీ పక్కపక్కన అతికిస్తే బ్రహ్మాండంగా పండుతుంది. చూసేవాళ్ళు మాత్రం అతనే ఇతన్ని కొట్టాడని నమ్ముతారు. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు. తెల్లారితే ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోవాలి, ఒకే పత్తి బండి ఎక్కి ఆదోని మార్కెట్ యార్డుకు రావాలి. సమరం రోజున ఎవరి పిడక ఎవరికి తగిలిందో లెక్క ఉండదు, పగ పట్టకూడదన్నదే ఆ ఆటకు ప్రాణం. లేని లెక్కను నేను తయారుచేసి ఫోన్లలోకి పంపితే, దేవుళ్ళకు రాజీ చేసిన పెద్దల పనంతా నేను చెరిపేసినట్టే. అలా అతికించిన ముక్కలు ఏటా తిరుగుతూనే ఉంటాయి, వాటిని చూసి నేను బాధపడతాను.

పాటలో, పెళ్ళి టీజర్‌లో క్షణాలను ముందువెనకలు చేయడం కళే, నేను కాదనను. పెళ్ళికూతురి నవ్వును తాళి ముడికి ముందు పెట్టినా ఎవరికీ నష్టం లేదు. దెబ్బలున్నచోట, రెండు పక్షాలున్నచోట వరస మారకూడదు. దసరా రాత్రి హొళగుంద వైపు దేవరగట్టులో జరిగే కర్రల సమరానికీ ఇదే మాట. అక్కడ చీకటి, దివిటీల వెలుగు, కర్రల చప్పుడు. బొమ్మ సరిగా కనబడదు కాబట్టి ఏ ముక్కనైనా ఎక్కడైనా అతికించవచ్చుననే ఆశ ఎక్కువ పుడుతుంది. అక్కడ మరింత జాగ్రత్త కావాలి.

ఈసారి కైరుప్పలకు కెమెరా తీసుకుని పోయేవాళ్ళకు నాదొక విన్నపం. గుర్రం ఊళ్ళోకి రాకముందే అన్ని కెమెరాల గడియారాలూ ఒకే వేళకు కలపండి. అందరూ రికార్డు నొక్కాక, అన్నిటికీ కనబడేట్టు, డ్రోన్‌లో కూడా పడేట్టు, రచ్చ మధ్యలో నిలబడి చేతులు బాగా పైకెత్తి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. సమరం ముగిశాక ఆపేముందు ఇంకోసారి కొట్టండి. ఫోన్ వాళ్ళను క్లిప్పులు వాట్సాప్‌లో కాకుండా కేబుల్ పెట్టి ఇవ్వమని అడగండి, వాట్సాప్ కుదించిన క్లిప్పులో అసలు వేళ చెరిగిపోతుంది. వీడియో బయటికి పంపాక కూడా అసలు ఫుటేజ్‌ను రెండు హార్డ్ డిస్కుల్లో దాచండి. ఎవరైనా వచ్చి "ఆ దెబ్బ మావోడు కొట్టినాడని అంటాండారు, సూపియ్యన్నా" అని అడిగితే, తమ్ముడు ప్రాజెక్టు తెరిచి నన్ను ఆ క్షణం మీద నిలబెట్టి, నాలుగు కెమెరాలూ ఒకేసారి చూపించగలగాలి.