వానాకాలంలో ఎంబాసింగ్ పౌడర్‌ను గడ్డ కట్టించే పద్ధతి

ఎంబాసింగ్ పౌడర్ అంటే వేడికి కరిగే ప్లాస్టిక్‌ను మెత్తగా పొడి చేసిన సరుకు. శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద చేత్తో తడిమితే తగిలే ఉబ్బెత్తు అక్షరాలు చాలావరకు దాని చలవే. అచ్చుపడిన సిరా ఆరకముందే ఈ పొడి చల్లుతారు. తడి ఉన్నచోట అంటుకుంటుంది, మిగతాది దులిపేస్తారు. తర్వాత వేడిగాలి తగిలిస్తే సుమారు 100 డిగ్రీల దగ్గర కరిగి, చల్లారగానే మెరుస్తూ గట్టిపడుతుంది. పెద్ద ప్రెస్సుల్లో కార్డులు బెల్టు మీద వేడిపెట్టెలోంచి వెళ్తాయి. చిన్న దుకాణాల్లో, ఇంట్లో గ్రీటింగ్ కార్డులు చేసుకునేవాళ్ల దగ్గర హీట్ గన్ ఉంటుంది. పని ఎక్కడ జరిగినా పొడికి ఉండాల్సిన గుణం ఒక్కటే: గింజకు గింజ అంటకుండా జారాలి. ఆ గుణాన్ని పూర్తిగా పోగొట్టడం ఎలాగో వరంగల్‌లో చాలామందికి అభ్యాసం వల్లే తెలుసు. దాన్ని వరుసగా చెప్పడమే ఇక్కడి పని.

తేమ అంటే ఏమిటో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతుకు 8 శాతానికీ 12 శాతానికీ మధ్య తేడా ఎన్ని రూపాయలో తెలుసు. 8 దాకా అయితే భారత పత్తి సంస్థ (సీసీఐ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది, అది దాటితే కోత పెడుతుంది, 12 దాటితే వెనక్కి పంపుతుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో 17 శాతం గీత దగ్గర జరిగే వాదనలు ఊరంతా వింటుంది. బస్తా బస్తాకూ మీటరు పెట్టి తేమ చూసే ఇదే జిల్లాలో, బల్ల మీది పౌడర్ సీసాకు మూత ఉందో లేదో చూసే మనిషి మాత్రం కనపడడు. ఈ నిర్లక్ష్యమే పద్ధతికి పునాది. అది లేనివాళ్లు ఇక్కడితో చదవడం ఆపి సీసాకు మూత పెట్టుకోవడం మేలు.

పొడి గడ్డ కట్టడానికి అది నీళ్లలో తడవాల్సిన పని లేదు. ఈ ప్లాస్టిక్ నీళ్లలో కరగదు కూడా. తేమగాలిలో ఉన్నప్పుడు ప్రతి గింజ మీదా కంటికి కనపడని నీటి పొర చేరుతుంది. రెండు గింజలు ఆనుకున్నచోట ఆ పొర వంతెనలా మారి రెంటినీ పట్టి ఉంచుతుంది. గింజ ఎంత సన్నదైతే ఆనుకునే చోట్లు అన్ని ఎక్కువ. అందుకే సన్న గీతల కోసం కొనే నాజూకు రకం ముందు ముద్ద అవుతుంది. మందంగా పరుచుకునే ముతక రకం మరికొన్నాళ్లు ఆగుతుంది. త్వరగా ఫలితం కావాలంటే ఖరీదైన సన్నరకమే కొనాలన్నమాట.

కాలాన్ని ఎంచుకోవడంలో పంచాంగం బాగా సాయపడుతుంది. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వస్తాయి. ఆ వెనకే వచ్చే ఆషాఢంలో లగ్నాలు ఉండవు, కార్డుల దుకాణంలో బేరాలు ఉండవు, సీసాలు జ్యేష్ఠంలో ఆఖరి కార్డు వేసినప్పుడు ఎలా వదిలేశారో అలాగే ఉంటాయి. శ్రావణం వచ్చి, పిల్లవాడి తండ్రి కార్డుల బేరం ఖాయం చేసుకుని, ఎల్లుండికల్లా కావాలన్న రోజున సీసా బోర్లిస్తే ఏమీ రాలదు. ఒక పెళ్లికాలానికీ ఇంకో పెళ్లికాలానికీ మధ్య ఇంత చక్కటి తడి విరామం దొరకడం అందరికీ పట్టే అదృష్టం కాదు.

ఎండాకాలంలో ఈ వసతి ఉండదని కొందరు నిరుత్సాహపడతారు. నిజమే, మే నెలలో వరంగల్ గాలి పెళపెళలాడేంత పొడిగా ఉంటుంది. అప్పుడు వచ్చే చిక్కు వేరు: నున్నటి కార్డు మీద స్థిర విద్యుత్తు పుట్టి, పొడి అక్షరాల మీదే కాకుండా కార్డంతా చుక్కలు చుక్కలుగా అంటుకుంటుంది. దానికోసం చల్లే ముందు కార్డు మీద తేమను పీల్చే మెత్తటి పొడి ఉన్న గుడ్డసంచిని ఒకసారి అద్దుతారు. వానాకాలంలో ఈ బెడద తక్కువ. తేమ చేసే ఉపకారం అదొక్కటే, దాన్ని ఎవరూ గుర్తించరు. అయితే మే నెలకూ ఉపాయం ఉంది, దాని పేరు కూలర్. గడ్డి పలకల మీదుగా నీళ్లు కారుస్తూ, ఆ నీటిని ఆవిరిగా మార్చి గదిలోకి ఊదడమే దాని పని. కిటికీలు మూసి కూలర్ పెట్టిన దుకాణంలో రెండు మూడు గంటలు గడిస్తే బయట మే నెల, లోపల శ్రావణం. పౌడర్ సీసాను కూలర్ గాలి నేరుగా తగిలే బల్ల అంచున పెడితే ఎండాకాలం వృథా కాదు.

పాత్ర విషయంలో వరంగల్ ఇళ్లల్లో కొరతేమీ లేదు. పౌడర్ తనతో తెచ్చుకున్న డబ్బాకు సాధారణంగా గట్టి మరమూత ఉంటుంది, కాబట్టి దాన్ని మొదట పారేయాలి. దాని స్థానంలో మామిడికాయ తొక్కు ఖాళీ అయిన సీసా శ్రేష్ఠం. ఎన్నిసార్లు తోమినా మూత లోపలి రబ్బరులో నూనె ఉంటుంది, వాసన ఉంటుంది, ఆ నూనె కొంచెం కొంచెంగా పొడికి చేరుతుంది. అదీ లేకపోతే పల్చటి పాలిథిన్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు చుట్టాలి. రబ్బరు బ్యాండు ఒక ఎండాకాలంలో పుటుక్కున తెగుతుందని అందరికీ తెలుసు. తెలిసినా అందరూ అదే చుడతారు. సీసా మీద రంగు పేరూ కొన్న తేదీ రాయకూడదు. రాస్తే పాతది ముందు వాడేసే ప్రమాదం ఉంది.

సీసాను ఎక్కడ పెట్టాలన్నది రెండు దారులున్న ప్రశ్న. తేమతో చెడగొట్టాలంటే కిటికీ గట్టు, నేలమట్టం అర, గోడ చెమ్మగిల్లే మూల మంచివి. వేడితో చెడగొట్టాలంటే రేకుల షెడ్డులో పైకప్పుకు దగ్గరగా ఉన్న అర చాలు. 44, 45 డిగ్రీల ఎండలో రేకు కింది వేడి అంతకన్నా చాలా ఎక్కువ. పొడి కరగకపోయినా మెత్తబడి గింజకు గింజ అతుకుతుంది. రెండు గడ్డలూ చూపుకు ఒకటే, వేళ్ల మధ్య నలిపితే మాత్రం తేడా తెలుస్తుంది. తేమ గడ్డ నలిపితే మళ్లీ పొడి అవుతుంది, జల్లెడ పట్టి వాడుకోవచ్చు. వేడి గడ్డ చక్కెర బిళ్లలా పటుక్కున విరుగుతుంది, దాన్ని మళ్లీ పొడిగా మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు. అందుకే పూర్తి నాశనం కోరేవాళ్లు రేకుల షెడ్డునే ఇష్టపడతారు.

ఇంతవరకూ చెప్పినవన్నీ సన్నాహాలు మాత్రమే. అసలు విద్య చేతిలో ఉంది. వాతావరణం ఒక సీజన్‌లో చేసే పనిని చెయ్యి ఒక సాయంత్రంలో చేస్తుంది. చల్లిన పొడిలో కార్డుకు అంటేది కొంచెమే. మిగిలినదాన్ని కింద పరిచిన కాగితం మీదికి దులిపి, కాగితాన్ని నిలువుగా మడిచి, ఆ మడతలోంచి సీసాలోకి జార్చడం పద్ధతి. ఎంబాసింగ్ సిరా తొందరగా ఆరకుండా ఉండేందుకు అందులో తరచుగా గ్లిజరిన్ ఉంటుంది. గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది. దులిపిన పొడిలో ఆ సిరా నలుసులు కొన్ని కలిసి సీసాలోకి వెళ్తే అక్కడా తమ పని ఆపవు. సరైన జాగ్రత్త ఏమిటంటే, దులిపినదాన్ని సన్న జల్లెడలోంచి వేరే చిన్న డబ్బాలోకి పోసి, ముందు దాన్నే వాడుకోవడం. ఈ జాగ్రత్త పాటిస్తే మొత్తం సీసా చెడదు, అందుకే ఎవరూ పాటించరు. కాగితాన్ని సగం మడిచి, సగం ఒలకబోసి, బల్ల మీద పడినదాన్ని అరచేత్తో ఊడ్చి సీసాలో వేస్తారు. జూలైలో అరచెయ్యి ఎలా ఉంటుందో తెలిసిందే. కార్డుల దుకాణంలో ఆ చేతికి ఇంకో అలంకారం కూడా ఉంటుంది. తయారైన శుభలేఖల నాలుగు మూలలకూ తడి పసుపు అద్దిన బొటనవేలితోనే సీసాలోంచి చిటికెడు తీస్తే, తెల్ల పౌడర్‌కు ముందుగా లేత పసుపు రంగు వస్తుంది, ఆ తర్వాత అంచుల్లో గింజలు మొదలవుతాయి.

సిలికా జెల్ సంగతి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా పనిచేస్తుంది. బాగా తేమ ఉన్న గాలిలో తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పట్టుకోగలదు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే ఇక నిండిపోయినట్టు. సుమారు 120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ నీలమవుతాయి. నీలం రంగుకు వాడే కోబాల్ట్ లవణం విషపూరితం, కాబట్టి వంటపాత్రల్లో ఆ పని చేయకూడదు. ఇంత ఉపయోగకరమైన వస్తువును నిరుపయోగం చేయడం సులువే: చెప్పుల డబ్బాలో రెండేళ్లు పడి ఉన్న పొట్లాన్ని ఏరి సీసాలో వేయాలి. అది ఎప్పుడో నిండిపోయి ఉంటుంది, చూసేవారికి మాత్రం ధైర్యం ఇస్తుంది. ఉప్పు సీసాలో వేసినట్టు బియ్యం గింజలు వేసే ఆచారమూ ఉంది. నిల్వ బియ్యంలోనే 13, 14 శాతం తేమ ఉంటుంది, కనుక అవి పెద్దగా పీల్చేది లేదు. పైగా వాటి తవుడు పౌడర్‌లో కలుస్తుంది. లగ్నానికి నెల ముందే శుభలేఖ మీద అక్షింతలు పడతాయి.

ఫ్రిజ్‌లో పెట్టడం చదువుకున్నవారి మార్గం. మూత బిగించి పెట్టడం వరకు నష్టం లేదు, ఫలితమంతా తీసేటప్పుడే వస్తుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పేరుతుంది. 5 డిగ్రీల దగ్గర ఉన్న సీసాను బయటికి తీసిన క్షణమే మూత తెరిస్తే, గాలిలోని తేమ అంతా వెతుక్కుంటూ వచ్చి పొడి మీదే దిగుతుంది. గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా గంటసేపు ఆగితే ఇదేమీ జరగదు. తొందర ఉన్నవాళ్లకు ఆ గంట దొరకదు.

గడ్డ కట్టిందని తెలిశాక చేసే చికిత్సలు నాలుగు ఉన్నాయి, చాలావరకు వంటింటివే. మిరపకాయలను కల్లంలో ఆరబోసినట్టు డాబా మీద పేపరు పరిచి ఆరబోస్తే సగం గాలికి పోతుంది, మిగిలిన సగం ఎర్రటి ఎండలో మెత్తబడి పేపరుకు అతుక్కుంటుంది. పెనం మీద వేయించినవారికి బంగారు రంగులో గుండ్రటి బిళ్ల దొరుకుతుంది, చూడముచ్చటగా ఉంటుంది, పెనం మాత్రం పోతుంది. మిక్సీలో వేస్తే బ్లేడు రాపిడి వేడికే కరిగి జారుకు పూతలా పడుతుంది, ఆ జారులో ఆ తర్వాత చట్నీ చేయకూడదు. నీడలో పలుచగా పరిచి, గడ్డలను చెంచాతో నలిపి, జల్లెడ పట్టడం అనే నాలుగో మార్గంలో పోయేదేమీ లేదు కనుక దాని ప్రస్తావన ఎక్కడా వినపడదు.

నింద ఎవరి మీద వేయాలన్నది కూడా పద్ధతిలో భాగమే. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది, వరంగల్, హన్మకొండల్లో పల్లపు కాలనీలు మునిగాయి. ఆ వానలో సరుకు పోయినవాళ్లది నిజమైన నష్టం. అయితే ఆ వాన చుక్క కూడా తగలని మూడో అంతస్తు అరల్లోని సీసాలు సైతం ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని పేరే చెప్పుకున్నాయి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకును వెనకనుంచి సుత్తితో కొట్టి బొమ్మలు ఉబ్బెత్తుగా తీసే పనివాళ్లకు ఇలాంటి సాకు దొరకదు పాపం, ఇత్తడి గడ్డ కట్టదు.

గడ్డ కట్టిన పొడితోనే కార్డు వేసినప్పుడు కనపడే గుర్తులు మూడు. లోపలి తేమ వేడికి ఆవిరై బయటికి వస్తూ అక్షరం మీద సూదిపోట్లలాంటి గుంటలు చేస్తుంది. గింజలు ఒకచోట కుప్పపడి, ఇంకోచోట సిరా ఉట్టిగా మిగులుతుంది. మూడోది తెలుగు లిపికి ప్రత్యేకం. మన అక్షరాల్లో చాలావాటికి గుండ్రటి కడుపులు, కొన్నిటి కడుపుల్లో చిన్న చుక్కలు. ఠ లోపలి చుక్క చుట్టూ ముద్ద నిండిపోతే అది ఏ అక్షరమో చదివేవాళ్లే ఊహించుకోవాలి. ధ కింది చిన్న గీత పక్క అక్షరపు ఒత్తుతో కలిసిపోతే రాధ రాద అవుతుంది. ఇంగ్లిష్ కార్డులో ఇంత సౌకర్యం లేదు.

ఇన్ని దశలూ దాటిన సీసాలో సాధారణంగా కొంత బంగారు పౌడర్, కొంత వెండి పౌడర్, దులిపిన తెలుపు, ఎండిన సిరా నలుసులు, కొన్ని బియ్యపు గింజలు, పసుపు ఉంటాయి. దీన్ని మోరీలో పారబోయకూడదు, ప్లాస్టిక్ కనుక అది కరగదు, వానాకాలంలో ఆ మోరీ అసలే పారదు. బియ్యం ఏరి, రెండుసార్లు జల్లెడ పట్టి, "యాంటిక్ గోల్డ్" అని చీటీ అంటించి, మామూలు బంగారు రంగు కన్నా కార్డుకు రెండు రూపాయలు ఎక్కువ చెప్పడమే దాని సరైన వినియోగం.