రాణి రంగుకి నంబరు లేదు

మా ఇంట్లో ఏ దీపాన్నీ నేను ప్రశాంతంగా వెలగనివ్వనని పేరు. ఎవరైనా స్విచ్ వేస్తే చాలు, ఆ వెలుగు ఎన్ని నానోమీటర్లో చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. దీన్ని మా ఆవిడ జబ్బు అంటుంది. చుట్టాల ముందు మాత్రం కాస్త మర్యాదగా, ‘ఆయనకి సైన్సు’ అంటుంది, ‘ఆయనకి షుగర్’ అన్నంత నెమ్మదిగా.

అసలు విషయం మా మార్నింగ్ వాక్‌లోనే ఉంది. మా ఆవిడ పొడగరి. నేను, గౌరవంగా చెప్పాలంటే, పొడగరిని కాను. పక్కపక్కన నడవాలంటే ఆవిడ ఒక అంగ వేసేలోపు నేను రెండు వెయ్యాలి. వేగం ఇద్దరిదీ ఒకటే కనక అంగ తగ్గినకొద్దీ అడుగులు పెరగాల్సిందే. కాంతి సంసారమూ ఇంతే. శూన్యంలో ఏ రకం కాంతైనా సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. అంగ పొడవు తరంగదైర్ఘ్యం, సెకనుకి పడే అడుగులు పౌనఃపున్యం. రెండూ గుణిస్తే ఎప్పుడూ ఆ వేగమే. ఎరుపు అంగ సుమారు 700 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. అది సెకనుకి 4.3 కోట్ల కోట్ల అడుగులు వేస్తుంది. ఊదాది 400 నానోమీటర్లు, అడుగులు 7.5 కోట్ల కోట్లు.

1900లో ప్లాంక్ వేసిన లెక్కని 1905లో ఐన్‌స్టీన్ కాంతికి పట్టించాడు. అడుగులు ఎంత జోరుగా పడితే కాంతి రేణువులో అంత శక్తి అన్నమాట. ఆ లెక్కన మా ఇద్దరిలో శక్తిమంతుణ్ణి నేను. రెండో రౌండుకే పార్కు బెంచీ మీద కూలబడేది కూడా నేనే. దీనికి ప్లాంక్ ఏమీ చెప్పలేదు.

ఈ జబ్బు చిన్నప్పుడే అంటుకుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్. అప్పట్లో అనౌన్సర్లు మీటర్లూ కిలోహెర్ట్జూ రెండూ చెప్పేవారు. ఆ మీటర్లంటే వార్తలు చదివే ఆయన మా ఇంటికి ఎంత దూరంలో కూర్చున్నాడో చెబుతున్నాడనుకుని, మూడువందల చిల్లర మీటర్లేగా అని సందు చివరిదాకా వెతకబోయాను. నిజానికది ఒక్క అల పొడుగు, సుమారు 358 మీటర్లు. మా సందంతా దాని ఒక్క అంగలో సగం కాదు. అది కూడా కాంతే, కాకపోతే మన కంటికి ఆనదు.

కంటికి ఆనని కాంతి ఇంటినిండా ఉంది. టీవీ రిమోట్ కొసన వెలిగేది సాధారణంగా 940 నానోమీటర్ల పరారుణం. 1800లో విలియం హెర్షెల్ ఎండలోంచి విడదీసిన రంగులకి ఉష్ణమాపకాలు పెడుతూ, ఒకటి ఎరుపు దాటాక చీకట్లో పెట్టాడు. అదే అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కింది. అలా దొరికింది పరారుణం. మా రిమోట్ పనిచేయనప్పుడు నేను ఫోన్ కెమెరా దాని ముందు పెట్టి, తెల్లగా మిణుకుమనడం చూపించి, హెర్షెల్ కథంతా చెప్పి, కాంతి వస్తోందని ఋజువు చేశాను. మా అమ్మాయి వెళ్ళి సెట్‌టాప్ బాక్సు స్విచ్ వేసింది.

వంటింట్లో పరిస్థితి ఇంకా ఘోరం. మైక్రోవేవ్ ఓవెన్‌లో తిరిగేది 2.45 గిగాహెర్ట్జ్, అంగ 12 సెంటీమీటర్ల పైన. తలుపు అద్దానికి చిల్లుల రేకు ఉంటుంది, చిల్లు మిల్లీమీటరో రెండో. అంత పెద్ద అంగ అందులోంచి బయటికి రాలేదు. కంటికి కనబడే కాంతి మాత్రం దర్జాగా వచ్చేస్తుంది. అందుకే సాంబారు పొంగడం మనకి కనబడుతుంది, మనం మాత్రం ఉడకం. ఈ ముక్క చుట్టాలకి వివరిస్తూ నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను కనక పొంగడం ఎవరికీ కనబడలేదు.

అంగా, అడుగులా, కాంతి రకాన్ని తేల్చేది ఏది అని ఎవరైనా అడగాలని నాకు చాలా కోరిక. ఎవరూ అడగరు. అందుకని అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు తలుపు బయట నిలబడి నేనే చెప్పాను. నీళ్ళలోకి దిగితే కాంతి నెమ్మదిస్తుంది, అంగ ముప్పావుకి కుదించుకుంటుంది. 700 ఉన్న ఎరుపు 525 అవుతుంది. గాలిలో అది ఆకుపచ్చ కొలత. అయినా బకెట్లో మునిగిన ఎర్ర మగ్గు ఎర్రగానే ఉంటుంది, ఎందుకంటే అడుగుల లెక్క మారదు. కాబట్టి పౌనఃపున్యమే అసలు గుర్తు.

“నాన్నా, గీజర్ వేశావా?” అంది లోపల్నించి.

ఇక చీరల కొట్టు. మా ఆవిడ ప్రతి చీరనీ గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తుంది. అందులో సైన్సుందని మెచ్చుకున్నది లోకంలో నేనొక్కణ్ణే. తెల్ల ఎల్‌ఈడీ అంటే దాదాపు 450 నానోమీటర్ల నీలం దీపం మీద పసుపుపచ్చ పూత. చౌకరకం దీపాల్లో ముదురు ఎరుపు పలచన, మెరూన్ చీర పాపం వెలవెలబోతుంది. నెమలికంఠం రంగైతే నీలం పడుగుకి పచ్చ పేక, తల తిప్పితే రంగు తిరుగుతుంది. ఇంతవరకూ నేను చెప్పినవి ఆవిడకి ముందే తెలుసు, నానోమీటర్లు తప్ప.

ఆ రోజు రాణి రంగు పట్టుచీర దగ్గర ఆగింది. నేను ఆగలేకపోయాను. ఇంద్రధనుస్సులో ఈ రంగు లేదన్నాను. ఎరుపు ఒక చివర, ఊదా ఇంకో చివర. రెండు చివర్లూ ఒకేసారి కంట్లో పడి, మధ్యలో ఆకుపచ్చ లేకపోతే మెదడు తనంతట తాను అల్లుకునే రంగు ఇది. దీనికి తరంగదైర్ఘ్యం లేదు, నంబరే లేదు, ఒక విధంగా లేని రంగు.

కొట్టంతా నిశ్శబ్దమైంది. మా ఆవిడ మొదటిసారి నా మాట శ్రద్ధగా విని, చీరలు పరుస్తున్న అబ్బాయి వైపు తిరిగింది. “విన్నావుగా బాబూ, లేని రంగట. లేనిదానికి ఇంత రేటేమిటి? తగ్గించు.”

“లేని రంగు కనకే రేటమ్మా,” అన్నాడతను. “ఉన్న రంగులు కింద ఫ్లోర్లో ఉన్నాయి, డిస్కౌంట్ కూడా ఉంది.”

మా ఆవిడ నావైపు చూసింది. నేను కార్డు తీశాను.