చాకు నూరు పద్యం: టీకా తాత్పర్యం

తే. రాయి నీళ్ళలో నానగా రాత్రివేళ
వాలు చెదరక చాకును వాల్చి నూరి
గరుకు తేలిన యావలి కడను దిద్ది
తోలు మీదను లాగిన దోస తెగును

అవతారిక: మొద్దు చాకుతో టమాటాను నలిపి, నేరం టమాటా మీదికి నెట్టే గృహస్థు కోసం పుట్టిన పద్యమిది. కవి పేరు చెప్పుకోలేదు. ఛందస్సు తేటగీతి, భాష వంటింటిది.

టీక: రాయి = సానరాయి; నీళ్ళలో నానగా = నీటిలో నానుచుండగా; రాత్రివేళ = రాత్రిపూట; వాలు = అంచు ఒరిగిన కోణము; చెదరక = మారక; చాకును వాల్చి = చాకును ఒరగబెట్టి; నూరి = అరగదీసి; గరుకు = అరిగిన లోహము అంచు దాటి మడతపడిన సన్నని పొర; తేలిన = పైకి వచ్చిన; ఆవలి కడను = నూరని రెండవ వైపును; దిద్ది = సరిచేసి; తోలు మీదను లాగిన = తోలుపట్టీ మీద లాగినచో; దోస = దోసకాయ; తెగును = తెగును. నలగదు అని ధ్వని.

తాత్పర్యం: సానరాయిని నానబెట్టి, కోణం మార్చకుండా చాకును ఒక వైపు నూరి, రెండో వైపు గరుకు తేలాక ఆ వైపూ నూరి, చివర తోలు మీద లాగితే దోసకాయ చక్కగా తెగుతుంది.

ఇక వ్యాఖ్య. మొదటి పాదంలో 'రాత్రివేళ' అన్నదాని మీద పెద్ద రగడే ఉంది. రాత్రి భోజనాలయ్యాక సింకు ఖాళీ అవుతుంది గనుక అన్నారని ఒక పక్షం. పిల్లలు పడుకుంటారు, చేతికి అడ్డం రారు గనుక అని ఇంకో పక్షం. రెండూ కుదరవు. అర్ధరాత్రి వంటింట్లో లైటు వేసుకుని చాకు నూరేవాణ్ణి చూస్తే ఇంట్లోవాళ్ళు ముందు అడిగేది ఎవరి మీద నూరుతున్నావనే. రాయికి యతి కుదరాలి, రాత్రి కుదిరింది, అంతే. పగలు నూరినా దోషం లేదు.

'నానగా' అన్నది మాత్రం ఊరికే పడలేదు. రాయిని నీళ్ళలో ముంచితే బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా, అంటే పది పదిహేను నిమిషాలు, ఉంచాలి. నూరేటప్పుడు పైన బురదలాంటిది తేలుతుంది. దాన్ని కడిగేయకూడదు, సగం పని చేసేది అదే. వజ్రపు పొడి అద్దిన పలకకు ఈ స్నానం అక్కర్లేదు, పైన తడి చాలు. ఏ రాయి అని కవి చెప్పలేదు. పెచ్చులూడిన అంచుకు 400 నంబరు, మామూలు మొద్దుదనానికి 1000, మెరుగుకు 3000 ఆపైన. కూరగాయలకు 1000 దగ్గర ఆగినా చాలు. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల నల్లరాయి కార్బొరండం. 1891లో అమెరికాలో అచెసన్ అనే ఆయన మట్టినీ కోక్ బొగ్గునూ కలిపి విద్యుత్తుతో కాల్చి వజ్రం చేద్దామనుకున్నాడు, వచ్చింది ఇది. ఏ రాయీ లేని ఇంట్లో కాఫీ కప్పు బోర్లించండి. అడుగున మెరుగు పూయని గరుకు వలయం ఉంటుంది, ఆపద్ధర్మంగా పనిచేస్తుంది.

నీళ్ళకు ఇంకో ప్రయోజనం, చల్లదనం. సాన పట్టే సైకిల్ చక్రం మీద నిప్పురవ్వలు లేస్తుంటే చూడముచ్చటగానే ఉంటుంది గానీ, పొడి చక్రం మీద అంచు వేడెక్కి నీలిరంగు తిరిగిందంటే సుమారు 300 డిగ్రీలు దాటినట్టే. అక్కడ ఉక్కు గట్టిదనం పోయింది. ఆ ముక్క అరిగిపోయేదాకా చాకు పదును నిలుపుకోదు.

రెండో పాదంలో పాఠభేదం ఉంది. కొన్ని ప్రతుల్లో 'చాకును వత్తి నూరి' అని కనబడుతుంది. యతి దానికీ చెల్లుతుంది, పదును మాత్రం చెల్లదు. బలంగా వత్తేవాడి మణికట్టు ఊగుతుంది, ఊగితే వాలు చెదురుతుంది, చెదిరితే అంచు గుండ్రబడుతుంది. కనుక 'వాల్చి' అన్నదే కవి హృదయం. ఎంత వాల్చాలి? జపాన్ తరహా చాకుకు వైపుకు 15 డిగ్రీలు, జర్మన్ తరహా దానికి 20 వాడుక. కోణమానిని వెతకనక్కర్లేదు. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న చాకు వీపు రాయి మీంచి సుమారు 12 మిల్లీమీటర్లు లేస్తే 15 డిగ్రీలు, 15 మిల్లీమీటర్లు లేస్తే 20. నమ్మకం కుదరకపోతే అంచు పొడవునా మార్కర్ పెన్ను రాసి రెండుసార్లు నూరి చూడండి. సిరా అంచు దాకా చెరిగితే వాలు సరి. పైన మాత్రమే చెరిగితే వీపు ఎత్తాలి. అంచు కొసన మాత్రమే చెరిగితే దించాలి.

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. గరుకు తేలడమంటే ఏమిటి? ఒక వైపు నూరుతూ పోతే లోహం అంచు దాకా అరిగి, ఇక అరగడానికి చోటులేక అవతలి వైపుకు మడతపడుతుంది. కంటికి ఆనదు, వేలికి అందుతుంది. బొటనవేలిని వీపు నుంచి అంచు వైపుగా, అంచు దాటించి బయటికి జార్చాలి. అంచు పొడవునా లాగిన వ్యాఖ్యాతలు కట్టు కట్టుకుని వ్యాఖ్యానించాల్సి వస్తుంది. నూరని వైపు గోరు తట్టుకున్నట్టు ఉంటే అదే గరుకు. పిడి దగ్గర్నుంచి మొన దాకా తెగకుండా తగలాలి. మధ్యలో తగిలి మొన దగ్గర మాయమైతే మొనకు ఇంకా బాకీ ఉన్నట్టే. చాలామంది ఇరవైసార్లు లెక్కబెట్టి చాకు తిప్పేస్తారు. లెక్క కవి చెప్పలేదు, గరుకు చెప్పాడు. అది తేలకుండా తిప్పితే రెండు వైపులూ కలుసుకోవు, ఎంతసేపు నూరినా అరిగేది మన ఓపికే.

'దిద్ది' అనడంలో సొగసు ఉంది. మళ్ళీ 'నూరి' అనలేదు. రెండో వైపూ అంతే నూరి గరుకును ఇవతలికి తెచ్చాక, బరువు తగ్గించుకుంటూ ఇటు అయిదు, అటు అయిదు, ఇటు మూడు, అటు మూడు, ఆఖరున ఒక్కొక్కటి. దిద్దకుండా వదిలేస్తే గరుకే అంచులా నటిస్తుంది. మొదటి పూట కాగితం కూడా కోస్తుంది. మర్నాటికి పక్కకు ఒరిగిపోతుంది. "నిన్ననే నూరాను, ఇవాళ మళ్ళీ మొద్దుబారింది" అనే ఫిర్యాదుకు మూలం ఇదే.

అన్ని చాకులూ ఒకేలా లొంగవు. మెత్తటి స్టెయిన్‌లెస్ చాకు తొందరగా పదునెక్కి తొందరగా దిగుతుంది. గట్టి ఉక్కు రాయి మీద సతాయించి, తర్వాత వారాల తరబడి నిలబెట్టుకుంటుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చింది ఆ నిలకడ కోసమే.

తోలు అంటే మంగలి తోలుపట్టీ. లేకపోతే పాత బెల్టు, అదీ లేకపోతే మడతపెట్టిన దినపత్రిక. వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి; తారుమారైతే బెల్టు రెండవుతుంది. చాకుల సెట్టుతో వచ్చే ఉక్కు కడ్డీని సానరాయిగా భ్రమించరాదు. ఒరిగిన అంచును నిలబెట్టడం దాని పని, లేని అంచును పుట్టించడం కాదు.

'దోస' దగ్గర ఒక శంక. జారుడు తోలు, మెత్తటి లోపలి గుజ్జు గల టమాటా కదా పరీక్షకు తగినది? నిజమే. టమాటా మీద బరువు వేయకుండా, చాకు తన బరువుతో తానే దిగితే పదును వచ్చినట్టు. అయితే తోలు అన్నాక 'ట'కు యతి కుదరదు. దోసకాయ కోసేవాళ్ళు ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూడాలన్న సంగతి పద్యంలో లేదు గానీ, సంప్రదాయంలో ఉంది.

ఆక్షేపణ: తెలుగువాడి వంటింటి ఆయుధం కత్తిపీట కదా, కవి చాకును పట్టుకున్నాడేమి? సమాధానం: కత్తిపీటకు 'వాల్చి' అన్న మాట అన్వయించదు. అక్కడ అంచు నిలబడి ఉంటుంది, కాయ కదులుతుంది. నూరేటప్పుడూ అంచు కదలదు, రాయే కదులుతుంది. పీట మీద పాదం వేసి, చిన్న రాయి ముక్కను వీపు నుంచి అంచు దాటేలా బయటికే తోయాలి, అంచు మీంచి వీపు వైపు లాక్కోకూడదు. ఇదంతా నాలుగు పాదాల్లో పట్టదు, సీసపద్యం కావాలి. కొసన కొబ్బరికోరు ఉన్న కత్తిపీట అయితే, ఆ కోరును ఎత్తుగీతిలో ఇరికించవచ్చు.