మామిడితోట సాలీడు: టీకా తాత్పర్య సహితము

మూలము
వానకు పెరుగును, ఎండకు తరుగును, మందుకు మడియును మామిడితోట సాలీడు.

ప్రతిపదార్థము
వానకు = నైరుతి ఋతుపవనాలు కోల్‌కతా చేరే జూన్ మొదలు; పెరుగును = లేత చివుళ్ల మీద ఈగా దోమా దండిగా దొరకడంచేత సంఖ్య హెచ్చును; ఎండకు = ఏప్రిల్, మే నెలల వేడికి; తరుగును = బెరడు సందున దాగి కనబడకుండును, కొన్ని నిజంగానే పోవును; మందుకు = పూత మీద కొట్టే పురుగుమందుకు; మడియును = చచ్చును. ఇందులో ధ్వని ఏమీ లేదు.

స్థలనిర్ణయము
కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్ సందుల్లో మామిడితోట వెతకడం వృథా. అయితే పక్కనున్న అలీపూర్‌లో అగ్రి హార్టికల్చరల్ సొసైటీ తోట ఉంది. ఆ సంఘాన్ని 1820లో విలియం కేరీ స్థాపించాడు. న్యూ అలీపూర్‌లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. దానికి డైరెక్టరుగా పనిచేసిన బి.కె. టికాదర్ భారతీయ సాలీళ్ల మీద రాసిన గ్రంథం 1987లో వెలువడింది. వ్యాఖ్యాతకు ఇంతకన్నా ప్రమాణం అక్కరలేదు.

తాత్పర్యము
జూలైలో సాలీడు పిల్లలు ఎన్నున్నా కంటికి ఆనవు. వానలు వెనకబట్టేసరికి అవే ఎదిగి కొమ్మకొమ్మకూ గూడు కడతాయి. ఆర్గియోపీ అనే సాలీడు కాళ్లు రెండేసి జతచేసి, గూటి నడుమ తలకిందులుగా కూర్చుంటుంది. ఆక్సియోపిస్ అనే సాలీడుకు వేటగూడు లేదు. ముళ్లకాళ్లతో ఆకు మీద పొంచి, పురుగు మీదికి ఎగిరి దూకుతుంది. ఆడది గుడ్లసంచిని ఆకుకు దారాలతో బిగించి, పిల్లలు వెలువడేదాకా కాపలా ఉంటుంది.

ఆక్షేపము
పూతకాలంలో తేనెమంచు పురుగు కుప్పలుగా ఉంటుంది గదా, తిండి ఉన్నా సాలీడు పెరగదేం?

సమాధానము
తేనెమంచు పురుగుకు తరం వారాల్లో తిరుగుతుంది, సాలీడు ఎదగడానికి నెలలు కావాలి. పైగా సరిగ్గా అప్పుడే రైతు స్ప్రేయరు ఎత్తుతాడు. శాస్త్రం ఋతువులు ఆరంటుంది గాని తోటకు పిచికారీ అనే ఏడోదీ ఉంది. తగ్గుదల నేరమంతా ఎండ మీదికే నెట్టడం అన్యాయం. విషం పురుగునీ దాన్ని తినేదాన్నీ ఒకే తీరున చంపితే, ముందు తేరుకునేది పురుగే.

విశేషము
ఖాళీ అయిన తోటకు సాలీళ్లు గాలి మీద తిరిగి వస్తాయి. పిల్ల సాలీడు కొమ్మ చివరికి ఎక్కి, పొట్ట పైకెత్తి, దారం వదిలి తేలిపోతుంది. మందు తగలని చెట్లూ కలుపూ గట్టున మిగిలి ఉంటే ఈ రాక త్వరగా సాగుతుంది.