ఎయిర్ మార్షల్ ఫైలు గారికి జేజేలు

భారత వైమానిక దళంలో అన్నిటికన్నా భద్రంగా ఎగిరేది ఏదని ఎవరైనా అడిగితే తొందరపడి రఫేల్ అనో, సుఖోయ్ అనో అనేయకండి. ఫైలు. దానికి ఇంజనే లేదు కనక మధ్యలో ఆగిపోతుందన్న భయం లేదు. మబ్బుల్లో దారి తప్పదు, గద్ద వచ్చి తగలదు. రక్షణ శాఖలో ఓ గది నుంచి పక్క గదికి చేరడానికి ఏడేళ్లు పట్టినా, దిగడం మాత్రం మెత్తగా దిగుతుంది. ఇంతవరకు ఏ ఫైలూ పేపర్లు పెట్టేసి వెళ్లి ఎయిర్‌లైన్స్‌లో చేరలేదు. ఇక ప్రమోషన్లంటారా, అండర్ సెక్రటరీ బల్ల మీంచి డైరెక్టర్ బల్ల మీదికి, అక్కణ్నుంచి జాయింట్ సెక్రటరీకి, ఆయన దగ్గర్నుంచి ఆర్థిక విభాగానికి, మళ్లీ వెనక్కి. ఎన్నిసార్లు వెనక్కొచ్చినా దాని సీనియారిటీకి ఢోకా లేదు.

ఈ వంశంలో మహానుభావుడనదగ్గ ఫైలు గారు ఒకరు 1982లో పుట్టారు. కుర్ర పైలట్లు ఎందుకిలా రాలిపోతున్నారో చూడమని అప్పట్లో ఎయిర్ మార్షల్ డెనిస్ లా ఫాంటెయిన్ నాయకత్వంలో ఒక కమిటీ వేశారు. కమిటీ కనిపెట్టిన జబ్బు పెద్ద రహస్యమేమీ కాదు. నెమ్మదిగా ఎగిరే శిక్షణ విమానం దిగిన కుర్రాణ్ని తిన్నగా తీసుకెళ్లి మిగ్-21 ఎక్కిస్తున్నారు. నేల మీద దిగేటప్పుడే గంటకు 300 కిలోమీటర్లు దాటే విమానం అది. సైకిలు తొక్కడం వచ్చింది కదా అని లారీ తాళాలు చేతికిచ్చినట్టు. మధ్యలో ఒక మెట్టు ఉండాలి, అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కొనండి అని కమిటీ చెప్పింది.

కొన్నారు కూడా. 2004 మార్చిలో.

బ్రిటన్ నుంచి 66 హాక్ విమానాలకు ఒప్పందం కుదిరింది ఆ నెలలోనే. అవి బీదర్ చేరి దళంలో అధికారికంగా చేరేసరికి 2008 వచ్చింది. కమిటీ వేసిన ఏడాది పుట్టిన పసివాడు ఈలోగా పలక పట్టి, ఇంటర్ పాసై, ఖడక్‌వాస్లాలో ఎన్‌డీఏ ముగించి, మన దుండిగల్ అకాడమీలో ఛాతీకి రెక్కల బ్యాడ్జీ తగిలించుకుని, ఆ మెట్టు లేకుండానే మిగ్-21 ఎక్కగలిగేంత వాడయ్యాడు. ప్రభుత్వం ఊరికే కూర్చుందని అనడం అన్యాయం. తేజ్‌పూర్‌లో ఒక బడి పెట్టి, మిగ్-21 నడపడం ఎలాగో మిగ్-21 మీదే నేర్పించింది. ఈత రానివాడికి నీళ్లలోనే కదా నేర్పాలి!

ఫలితాలు పార్లమెంటు రికార్డుల్లో ఉన్నాయి. కొన్న 872 మిగ్‌లలో 482 ప్రమాదాల్లో పోయాయని, 171 మంది పైలట్లు చనిపోయారని 2012లో రక్షణ మంత్రి ఏ.కె.ఆంటోనీ సభకు చెప్పారు. సగానికి పైనే. శత్రువు కష్టపడాల్సిన అవసరమే లేకుండా చేశాం. కింద పొలంలోనో, ఇంట్లోనో ఉండి పోయిన పౌరులు మరో 39 మంది. అన్నింటికీ ఆ లేని మెట్టే కారణమని ఎవరూ అనరు. ఇంజన్లకీ, విడిభాగాలకీ, పక్షులకీ వాటి వాటా వాటికుంది. ఇరవై రెండేళ్లు తిరిగిన ఫైలు వాటా ఎంతో మాత్రం ఏ లెక్కలోనూ తేలదు.

ఆ మిగ్-21కి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఘనంగా వీడ్కోలు పలికారు. నీళ్ల ఫిరంగుల వందనం, చీఫ్ స్వయంగా నడిపిన ఆఖరి విహారం, అన్నీ సంప్రదాయం ప్రకారం జరిగాయి. 1963లో చేరింది కాబట్టి సర్వీసు లెక్కేస్తే 62 ఏళ్లు. వైమానిక దళాధిపతికి వయోపరిమితి కూడా సరిగ్గా 62. అంటే ఈ దళంలో చేరినవాళ్లలో చీఫ్ ఈడు వచ్చేదాకా నిలబడింది ఎవరయ్యా అంటే, ఏ కొద్దిమంది చీఫ్‌లో, ఒక మిగ్-21. దాన్ని నడిపిన వింగ్ కమాండర్లలో చాలామందికి ఆ భాగ్యం లేదు. ఆ కథ తర్వాత.

ముందు తప్పెవరిదో తేల్చుకుందాం. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ సహా 14 మంది పోయారు. అందులో మన చిత్తూరు జిల్లా బిడ్డ, లాన్స్ నాయక్ ఒకరున్నారు. మూడేళ్ల తర్వాత, 2024 డిసెంబర్‌లో, పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో 2017-22 మధ్య జరిగిన 34 ప్రమాదాల పట్టిక ఇచ్చింది. కూనూరు ప్రమాదానికి ఎదురుగా కారణం గడిలో ఉన్నది: మానవ తప్పిదం. పక్కనే బ్రాకెట్లో, విమాన సిబ్బంది.

కావచ్చు. మబ్బు కమ్మితే కొండ కనిపించదు. విచారణ చేసినవాళ్లు నాకన్నా తెలిసినవాళ్లు. నా పేచీ అల్లా ఆ బ్రాకెట్‌తోనే. మన దేశంలో ఏళ్ల తరబడి ఇన్ని విమానాలు కూలితే, మానవులు ఉండేది కాక్‌పిట్‌లో మాత్రమేనా? విడిభాగాల కొనుగోలు కాగితం మీద 'ప్లీజ్ డిస్కస్' అని రాసి వెనక్కి పంపిన ఆయన మానవుడు కాదా? ఈ ఏడాది నిధుల్లేవు, వచ్చే ఏడాది చూద్దామన్న ఆయన? బ్రాకెట్లో 'ఆర్థిక సలహాదారు' అనో, 'కొనుగోళ్ల సంఘం, మూడో సమావేశం' అనో రాసిన ఒక్క ప్రమాద నివేదిక చూపిస్తే నేను ఈ కాలమ్ రాయడం మానేస్తాను. సంపాదకుల వారు సంతోషిస్తారు.

మెదక్ జిల్లా వాళ్లు ఇవన్నీ పేపర్లో చదివి తెలుసుకోనక్కర్లేదు. విమానాలే వచ్చి పొలాల్లో పడతాయి. 2009 జులై 31న హెచ్‌పీటీ-32 దీపక్ అనే శిక్షణ విమానం అక్కడ కూలి ఇద్దరు అధికారులు చనిపోయారు. ఆకాశంలో ఇంజను ఆగిపోవడం ఆ దీపానికి పాత అలవాటు. బయటికి దూకడానికి ఎజెక్షన్ సీటు ఉండదు. మొత్తం మీద ఆ రకం విమానాల్లో 19 మంది పోయారు. ఆ తర్వాత మొత్తాన్నీ నేల మీద కట్టేశారు. కట్టేశాక గుర్తొచ్చింది, బదులుగా ఎక్కించడానికి ఇంకోటి లేదని. కొత్తగా చేరిన పిల్లలు మొదటి పాఠం నుంచే కిరణ్ జెట్ ఎక్కారు. కిరణ్ మొట్టమొదట గాల్లోకి లేచింది 1964లో.

2012లో స్విట్జర్లాండ్ నుంచి 75 పిలాటస్ విమానాలకు ఆర్డరిచ్చారు. చక్కటి విమానమే. అయితే 2013-21 మధ్య 64 విమానాల్లో పదహారింటికి ఇంజన్ ఆయిల్ కారిందనీ, అలా 38 సార్లు జరిగిందనీ కాగ్ రాసింది. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర రావెల్లి శివార్లలో ఒక పిలాటస్ కూలి శిక్షకుడూ, శిక్షణలో ఉన్న కుర్రాడూ మరణించారు. ఆయిల్‌కీ ఈ ప్రమాదానికీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. మెదక్ రైతు పైకి చూడడం ఎందుకు మానలేదో చెబుతున్నానంతే. పిలాటస్ కంపెనీని లంచాల ఆరోపణ మీద 2019లో ఏడాది పాటు పక్కన పెట్టారు. బదులుగా మన హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వాళ్ల హెచ్‌టీటీ-40 వస్తుందన్నారు. అది 2016లోనే ఎగిరింది. 70 కొంటామని సంతకం పడింది 2023లో.

కిరణ్‌ని ఇంటికి పంపడానికి మరో జెట్ అనుకున్నారు, సితార అని. 1999లో మంజూరై, 2003లో మొదటిసారి ఎగిరింది. 2025 వచ్చినా దళంలో చేరలేదు. ఆ ఏడాది బెంగళూరు ఏరో ఇండియాలో దానికి యశస్ అని కొత్త పేరు పెట్టారు. చూశారా, విమానం కదలకపోయినా ప్రమోషన్ వచ్చింది.

ఇప్పుడు వింగ్ కమాండర్ గారి కథ. వైమానిక దళంలో మొదటి మెట్లు కాలం తోసేస్తే ఎక్కేవే. ఫ్లయింగ్ ఆఫీసర్‌గా చేరిన రెండేళ్లకి ఫ్లయిట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకి స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్లకి వింగ్ కమాండర్. అక్కడికి మనిషికి ముప్పయ్యైదో, ముప్పయ్యారో. చేతులు కుదురుకుని, తల చల్లబడి, పనికిరాని సాహసాలు మానేసిన వయసు. విమానం ఎవరి చేతిలో ఉండాలంటే సరిగ్గా ఆయన చేతిలోనే ఉండాలి. అక్కణ్నుంచి గ్రూప్ కెప్టెన్ కావాలంటే బోర్డు ఎంపిక చేయాలి. బోర్డు చూసేది ఏసీఆర్. ఏడాదికోసారి పైవాడు వేసే మార్కులు. అందరూ బాగానే ఎగురుతారు కాబట్టి తేడా దశాంశ బిందువుకి అవతల తేలుతుంది. ఆ తేడాలో వెనకబడ్డవాడు సూపర్‌సీడ్. ఇక సర్వీసు 26 ఏళ్లు నిండితే ఊరడింపుగా టైమ్ స్కేల్ గ్రూప్ కెప్టెన్ ఇస్తారు. పదమూడు నుంచి ఇరవయ్యారు దాకా ఏం చేయాలి? నిన్నటి జూనియర్‌కి సెల్యూట్ చేయాలి.

ప్రమోషన్‌కీ ప్రాణానికీ ఇక్కడే ముడి పడుతుంది. పైలట్ ఎక్కే ముందు ఫారం 700 మీద సంతకం పెడతాడు, విమానం బాగుందని ఒప్పుకుంటున్నట్టు. బాగాలేదంటే స్నాగ్ రాయాలి. రోజూ స్నాగ్‌లు రాసేవాడి స్క్వాడ్రన్‌లో ఎగరగల విమానాల లెక్క పడిపోతుంది. లెక్క పడితే పైవాడి ఏసీఆర్‌లో పాయింటు పడుతుంది. పైవాడి మనసు కష్టపడితే కిందివాడి దశాంశం కదులుతుంది. రూలు పుస్తకంలో ఇదెక్కడా రాసి ఉండదు. భద్రతే ముఖ్యమని మాత్రం ప్రతి గోడ మీదా రాసి ఉంటుంది.

అలాంటి ఒక వింగ్ కమాండర్ పేపర్లు పెట్టాడనుకోండి. పిలిచి మాట్లాడతారు. ఆ మాటలు ఇలా ఉంటాయని నా ఊహ.

"ఎందుకయ్యా వెళ్లిపోతానంటున్నావు?"

"ఎగరడానికి సార్."

"ఇక్కడ ఎగరడం లేదా?"

"రెండేళ్లుగా మెస్ లెక్కలు చూస్తున్నాను సార్. మధ్యలో ఒక కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో వేశారు."

"ఏం తేల్చావు?"

"మానవ తప్పిదం సార్."

"భేష్. అంత బాగా పనిచేసినవాడివి, బోర్డులో ఎందుకు పోయింది?"

"ఏ మానవుడిదో రెండో పేజీలో రాశాను సార్."

పోయేవాళ్లు పోతుంటే వచ్చేవాళ్లు రావాలి కదా. 2016 నుంచి 2021 దాకా ఏటా 222 మందిని పైలట్ శిక్షణలోకి తీసుకుంటామని ప్రణాళిక వేశారు. తీసుకున్నది అంతకన్నా తక్కువ. 2015లో 486 ఉన్న పైలట్ల కొరత 2021 చివరికి 596 అయిందని చెప్పింది కూడా ఆ కాగ్ గారే. ప్రభుత్వంలో పెరుగుదల లేదని ఎవరన్నారు?

అవతల ఎయిర్‌లైన్స్ తలుపులు బార్లా తెరిచి కూర్చున్నాయి. వచ్చే పదిహేను, ఇరవై ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు చెబుతున్నారు. ఒక శాఖకి లోటు, ఇంకో శాఖకి ఆకలి. రెండూ ఒకే సర్కారు కింద, ఒకే ఢిల్లీలో. అక్కడ చేరితే మాజీ వింగ్ కమాండర్ కొన్నాళ్లు తనకన్నా చిన్నవాడి పక్కన కో-పైలట్‌గా కూర్చోవాల్సి రావచ్చు. ఆ అలవాటు దళంలోనే అయింది. పైగా అక్కడ జీతం ఎక్కువ, మెస్ లెక్కలు లేవు.

మనిషిని ఎలా నిలబెట్టుకోవాలి? అమెరికా వైమానిక దళం 2023లో ఏడాదికి 50 వేల డాలర్ల దాకా బోనస్ పెట్టింది, ఉండండి బాబూ అని. అయినా కొరత తీరలేదు. 2013-18 మధ్య అన్ని దళాల్లో కలిపి యుద్ధం కాని ప్రమాదాల్లో 198 ప్రాణాలు, 157 విమానాలు పోయాయని వాళ్ల జాతీయ కమిషనే 2020లో లెక్క చెప్పి, పైలట్లకి ఎగిరే గంటలు చాలడం లేదు, కాగితాల పని ఎక్కువైంది అంది. డాలర్లు ఇవ్వగలిగారు గానీ ఫైళ్లు తగ్గించలేకపోయారు పాపం.

మనవాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. అదే 2020లో సైనిక వ్యవహారాల శాఖ నుంచి ఒక ప్రతిపాదన బయటికొచ్చింది. ముందే వెళ్లిపోయే అధికారులకి పింఛను కోసేద్దామని. ఇరవై, ఇరవై అయిదేళ్ల సర్వీసుతో వెళితే వచ్చేదాంట్లో సగం. ముప్పయ్యైదు దాటి పనిచేస్తేనే నిండు పింఛను. ఉండటం బాగుండేలా చేయడం కష్టం కనక, వెళ్లడం నష్టం అయ్యేలా చేద్దామన్న ఆలోచన. గోల లేచింది. ఆ ప్రతిపాదన అమలుకి రాలేదు. ఒక ఫైలు ఆగిపోయిందని పైలట్లు సంతోషించడం బహుశా అదే మొదటిసారి.

నా దగ్గరా ఒక ప్రతిపాదన ఉంది. ఖర్చు లేనిది, చట్టం మార్చక్కర్లేనిది. కిరణ్ విమానంలో సీట్లు ముందూ వెనకా ఉండవు, పక్కపక్కనే ఉంటాయి. విమాన భద్రతకి సంబంధించిన ఏ కాగితమైనా ఒకరి బల్ల మీద ఆర్నెల్లు దాటితే, ఆ బల్ల గల పెద్దమనిషిని హకీంపేట వైమానిక స్థావరానికి పిలిపించి, ఆ రెండో సీట్లో కూర్చోబెట్టి, నడుముకి బెల్టు బిగించి, శిక్షణలో ఉన్న కుర్రాడి చేత ఊరి మీద ఒక్క రౌండు తిప్పించాలి. ఫైలు ఆయన ఒళ్లోనే ఉంటుంది. ఫారం 700 మీద కూడా ఆయన చేతే సంతకం పెట్టించాలి. పెన్ను మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. దళం ఇవ్వాలంటే దానికి వేరే ఫైలు పెట్టాలి.